పగటి పొగ

పెనుగంచిప్రోలు తిరనాళ్ళ ముగిసి, ఊరు ఇంకా రంగు కాగితాలు ఊడ్చుకుంటున్న రోజుల్లో, కొణకంచి అడ్డరోడ్డు దగ్గరున్న పొగగొట్టం ఒక ఉదయం పొగ మానేసింది.

కాసేపటికే ఆ సంగతి హైవే పక్క టీ కొట్లకు తెలిసింది. ఇంకాసేపటికి జగ్గయ్యపేట మిర్చి కోల్డ్ స్టోరేజీల దాకా పాకింది. మధ్యాహ్నం భోజనాల వేళకి నందిగామ నుంచి ఎవరో దూరపు బంధువు రత్తయ్యకి ఫోన్ చేసి, గొంతు బాగా తగ్గించి, "ఏం బావా, అంతా బానే ఉందా? లోపల పెట్టుకోమాక. చెప్పుకుంటే తేలికవుద్ది" అన్నాడు.

"చెప్పుకోడానికేముంది? మధ్యాహ్నం కరెంటుకి ధర లేదంట, అందుకని ఆపాం" అన్నాడు రత్తయ్య.

"అదేలే. మొదట్లో ఎవరైనా అట్టాగే చెప్తారు" అన్నాడా బంధువు ఎంతో జాలిగా.

రత్తయ్యది పెనుగంచిప్రోలు. మాగాణీ, మిరపచేలూ ఉన్న రైతు. అతనూ, జగ్గయ్యపేటలో తాతల నాటి నుంచి మిర్చి, పత్తి వ్యాపారం చేస్తున్న కనకయ్యా కలిసి మునేరు బయోపవర్ అని ఒక చిన్న విద్యుత్ కేంద్రం పెట్టారు. స్థలం రత్తయ్యది, పెట్టుబడిలో పెద్ద వాటా కనకయ్యది. రైసు మిల్లుల నుంచి వచ్చే ఊక, చేలల్లో మిగిలిపోయే పత్తికట్టె, మిరపకట్టె తెచ్చి బాయిలర్లో కాలుస్తారు. ఆ ఆవిరితో టర్బైన్ తిప్పి కరెంటు తీస్తారు.

ఇన్నేళ్ళూ ఆ కరెంటంతా ఊళ్ళకి కరెంటు పంచే సంస్థ, డిస్కం, కొనేది. పొద్దున ఇచ్చినా, అర్ధరాత్రి ఇచ్చినా ఒకటే ధర. కాబట్టి రత్తయ్యకి తెలిసిన సూత్రం ఒకటే, బాయిలర్ ఆరకూడదు. ఎండాకాలమైనా, ముసురైనా తెల్లవారగానే బండి మీద వచ్చి, గొట్టం వైపు తలెత్తి చూసి, పొగ కనబడితే గానీ కాఫీ తాగేవాడు కాదు.

ఆ ఒప్పందం గడువు కిందటేడు తీరిపోయింది. ఇక కరెంటుని ఎక్స్చేంజీలో అమ్ముకోవాల్సి వచ్చింది. అది కంప్యూటర్లలో సాగే బజారు. రేపు ఏ పావుగంటలో ఎంత కరెంటు ఇస్తారో, కనీసం ఏ ధర వస్తే ఇస్తారో ఇవాళ పొద్దున్నే చెప్పాలి. కొనేవాళ్ళూ అలాగే తమ మాట చెబుతారు. రెండు వైపులా కుదిరిన చోట ఆ పావుగంట ధర తేలుతుంది. ఎండ కాసినంతసేపూ ఎక్కడెక్కడి సోలార్ పలకలూ కరెంటు కుమ్మరిస్తాయి కనుక మిట్టమధ్యాహ్నం దాన్ని అడిగే నాథుడుండడు. పొద్దు వాలి, ఊళ్ళన్నీ లైట్లూ ఏసీలూ వేసుకునే సరికి సోలార్ చేతులెత్తేస్తుంది. అప్పుడు ధర లేస్తుంది.

ఈ లెక్కలు చూడటానికి కనకయ్య తన తమ్ముడి కూతురు నీరజని పెట్టాడు. హైదరాబాదులో ఒక కరెంటు వ్యాపార సంస్థలో కొన్నేళ్ళు ఇదే పని చేసిన పిల్ల. భర్త అవినాష్‌కి నందిగామ బ్యాంకుకి బదిలీ అవడంతో ఉద్యోగం వదిలేసి వచ్చింది. ఏమీ తోచక, ఇంట్లో ఫ్రిజ్ ఎప్పుడు మోగుతుందో ఎప్పుడు ఆగుతుందో గమనిస్తూ కూర్చున్న సమయంలో పెదనాన్న దగ్గర్నుంచి పిలుపొచ్చింది. ఎగిరి గంతేసినంత పని చేసింది.

వచ్చిన నెలలోపే ఒక ప్రోగ్రాం రాసింది. రేపటి ఎండ, ధరల ధోరణి, యార్డులో ఉన్న ఊక, బాయిలర్ వేడెక్కడానికి పట్టే సమయం, వేడెక్కించడానికి వృథాగా కాలే ఊక, అన్నీ అందులో పోస్తే, ఏ గంటలో నడపాలో ఏ గంటలో ఆపాలో అది చెబుతుంది. రోజూ ఆర్పి వెలిగిస్తే ట్యూబులు దెబ్బతింటాయని బాయిలర్ ఇన్‌చార్జి ఎడ్విన్ మొత్తుకుంటే అదీ చేర్చింది. అన్నీ విన్నాక ప్రోగ్రాం చెప్పిందేమిటంటే, పొద్దున బాగా ఎండెక్కాక దించెయ్యండి, మధ్యాహ్నం మూడింటికి మళ్ళీ ఎత్తుకోండి అని.

"దించడమంటే?" అన్నాడు రత్తయ్య.

"పూర్తిగా ఆర్పం బాబాయ్‌గారూ. అడుగున నిప్పు ఉంచి టర్బైన్ ఆపేస్తాం. దీపాలు పెట్టే వేళకి ఫుల్లుగా అందుకుంటాం."

"బాయిలర్ దించితే పొగ ఆగిపోద్ది."

"ఆగిపోతుందండీ."

"పొగ ఆగితే ఊళ్ళో ఏమనుకుంటారు?"

నీరజ కంప్యూటర్ వైపు ఒకసారి చూసి, "అది దీంట్లో పెట్టలేదండీ" అంది.

రత్తయ్య ఒక్కడితోనే అయితే ఆమె పని తేలికగానే ఉండేది. కనకయ్యతో వేరే తిప్పలు. మిర్చి బస్తాలు కోల్డ్ స్టోరేజీలో పెట్టి, ధర వచ్చేదాకా పెదవి విప్పని మనిషి ఆయన. రెండో వారంలోనే వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"సాయంత్రం ధర బాగా పలుకుతోందిగా. మనం అంతకంటే కాస్త ఎక్కువ చెబుదాం. కావలసినవాడు వస్తాడు."

"పెదనాన్నా, కరెంటుకి కోల్డ్ స్టోరేజీ లేదు."

"బేరం ఆడకుండా అమ్మడమేంటే?"

"ఇక్కడ బేరం లేదు. ఆఖరికి ఏ ధర తేలితే అమ్మేవాళ్ళందరికీ అదే ఇస్తారు. నువ్వు తక్కువ చెప్పావని తక్కువ ఇవ్వరు. ఎక్కువ చెప్పావో, అసలు లోపలికే రానివ్వరు."

తక్కువ చెప్పినవాడికీ ఎక్కువ ధరే ఇచ్చే బజారు ఒకటి ఉంటుందని కనకయ్య నమ్మలేదు. నలభై ఏళ్ళు కష్టపడి నేర్చుకున్న విద్య అక్కడ పనికిరాదంటే ఆయనకి చిన్నతనంగా కూడా అనిపించింది. "ఒక్కరోజు నా మాట పెట్టి చూడు" అన్నాడు. పెద్దాయన కదా అని నీరజ పెట్టింది. మర్నాటి సాయంత్రం మునేరు బయోపవర్ నుంచి ఒక్క యూనిట్ కూడా అమ్ముడుపోలేదు. కనకయ్య చీకటిపడేదాకా పేట నుంచి ఫోన్లు చేస్తూనే ఉన్నాడు.

"ఇంకా ఎవరూ రాలేదా?"

"రారు పెదనాన్నా. బజారు నిన్ననే మూసేశారు."

"పోనీ, కాస్త తగ్గిస్తామని చెప్పి చూడు."

"ఎవరికి చెప్పమంటావు?"

కనకయ్య ఫోన్ పెట్టేశాడు. మర్నాటి నుంచి ధర సంగతి ఎత్తలేదు గానీ, ఆ బజారంటే ఒక రకమైన అనుమానం మాత్రం ఆయన మొహంలో అలాగే ఉండిపోయింది.

ఇక రత్తయ్య. పగలంతా బాయిలర్ పడుకుని ఉంటే ప్లాంటులో ఆయనకి కాలు నిలవలేదు. ఉన్నదల్లా చడీచప్పుడు లేని యంత్రాలు, వాటి నీడన కునుకుతీసే పనివాళ్ళు. అది చూడలేక భోజనానికని ఇంటికెళ్ళి, మూడింటిదాకా అక్కడే ఉండటం మొదలుపెట్టాడు. పెళ్ళయిన నాటి నుంచీ మధ్యాహ్నాలు ఇంట్లో లేని మనిషి.

పదిరోజులన్నా కాకముందే రత్తయ్య భార్య దుర్గాంబ ఆటో కట్టించుకుని ప్లాంటుకి వచ్చింది. చేతిలో స్టీలు డబ్బా. మూత తీస్తే వేడివేడి గారెలు.

"తిను అమ్మాయ్. తిన్నాక నీతో చిన్న పనుంది" అంది.

నీరజ రెండు గారెలు తినేదాకా ఆగి, అప్పుడు మొదలుపెట్టింది.

"నువ్వు ఆపింది బాయిలర్ని అనుకుంటున్నావేమో. మా ఆయన్ని ఆపావమ్మా."

"ఏం చేస్తున్నారు పిన్నిగారూ?"

"ఏం చెయ్యట్లేదో అడుగు. కుక్కరు కూత ఆలస్యమైందంటాడు. ఒక పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే పక్క పొయ్యి ఖాళీగా ఎందుకుందంటాడు. నిన్న పచ్చడి జాడీలన్నీ దించి, ఎత్తుల ప్రకారం సర్దాడు. ఏ జాడీలో ఏముందో ఆయనకీ తెలీదు, ఇప్పుడు నాకూ తెలీదు. పొద్దున పప్పులోకి మాగాయ పడింది." గొంతు తగ్గించింది. "రెండింటికి కాస్త నడుం వాలుస్తానా? నాలుగుసార్లు లేపాడు. 'మూడయిందా' అని."

నీరజ నవ్వాపుకోలేకపోయింది.

"నవ్వు, నవ్వు. నీ కంప్యూటర్లో ఇదంతా రాదుగా. కాస్త నష్టమొచ్చినా సరే, పగలు నడుపు తల్లీ. కావాలంటే రోజూ గారెలు పంపిస్తా."

"గారెల మీద బాయిలర్ నడవదు కదా పిన్నిగారూ" అంది నీరజ. కానీ దుర్గాంబ వెళ్ళాక ఆ మాటలు ఆమెని వదల్లేదు. తను ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు వింటూ కూర్చున్న రోజులు మరీ పాతవేం కాదు.

ఈలోపు ఊళ్ళో పొగ కబుర్లు తగ్గలేదు, ముదిరాయి. ప్లాంటు అమ్మకానికి పెట్టారన్నారు. కొనేవాళ్ళు ఖమ్మం నుంచి వచ్చి చూసి వెళ్ళారన్నారు. ఏ కారులో వచ్చారో, ఆ కారు రంగేంటో కూడా చెప్పారు. అడ్డరోడ్డు టీ కొట్టులో ఒకడు మొహం మీదే "ఎంతకి తెగిందండీ?" అని అడిగేసరికి రత్తయ్యకి ఎక్కడో కాలింది. ఆ రోజు నీరజ ప్లాంటుకి రాలేదు, నందిగామ ఇంటి నుంచే పని చూసుకుంటోంది. రత్తయ్య నేరుగా బాయిలర్ దగ్గరికెళ్ళాడు.

"ఎడ్విన్, ఎత్తు."

"షెడ్యూలు లేదు సార్. ఈ టైములో సున్నా."

"ఈ స్థలం ఎవరిదయ్యా?"

"మీదే సార్."

"మరింకేంటి?"

ఎడ్విన్ మనుషుల్ని కేకేశాడు. ఊక పోశారు. కాసేపటికి టర్బైన్ కూడా తిరిగింది. నడినెత్తిన సూర్యుడుండగా గొట్టంలోంచి నల్లటి పొగ ఠీవిగా లేచింది. రత్తయ్య గేటు దాటి హైవే అంచున నిలబడి, వచ్చేపోయే బస్సుల వైపు, టీ కొట్టు వైపు, ఆకాశం వైపు తనివితీరా చూశాడు. తెలిసినవాళ్ళు కనిపిస్తే చెయ్యూపాడు. తెలియనివాళ్ళకి కూడా ఊపాడు.

లోపల ఫోన్ మోగింది. రత్తయ్యే వచ్చి ఎత్తాడు.

"నమస్తే అండి. విజయవాడ కంట్రోల్ రూమ్ నుంచి భారతీదేవిని మాట్లాడుతున్నా. మీ షెడ్యూలు ఇప్పుడు సున్నా ఉంది. కానీ లైన్లోకి కరెంటు వస్తోంది."

"వస్తుందాండీ? బాగా వస్తుందా?"

"బానే వస్తోంది. అసలెందుకు వస్తోంది?"

"ఊరికే ఇస్తున్నామండీ. డబ్బులేం అక్కర్లా. ఉంచుకోండి."



"మాకొద్దండీ" అంది భారతీదేవి.

"వద్దా?"

"ఈ ఎండకి ఇప్పటికే ఎక్కువైపోయి, ఎవర్ని ఆపాలో తెలీక తల పట్టుక్కూర్చున్నాం. దయచేసి ఆపండి. మాట ఇవ్వకుండా కరెంటు తోస్తే జరిమానా కూడా పడుద్ది."

"ఊరికే ఇచ్చినందుకు నేనే ఎదురు కట్టాలా?"

"అవునండీ" అంది ఆవిడ మర్యాదగా.

రత్తయ్య ఫోన్ పెట్టేసి, ఎడ్విన్‌తో "దించెయ్" అని, అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాడు.

కుర్రతనంలో ఆయన ఎన్ని రాత్రులు మోటారు షెడ్డులో గోనెపట్టా మీద పడుకున్నాడో లెక్కలేదు. కరెంటు ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు. వస్తే వెలగడానికి ఒక చిన్న బల్బు పెట్టుకుని, దాని వైపే చూస్తూ ఉండేవాడు. ఓ ఏడు మిరపతోట మొత్తం వడలిపోతుంటే, నందిగామ కరెంటాఫీసు మెట్ల మీద తోటి రైతులతో కలిసి పొద్దుగూకే దాకా కూర్చుని వచ్చాడు. కరెంటనేది ఎంత ఉన్నా చాలని వస్తువని ఆయన ఎముకల్లో ఇంకిపోయింది. ప్లాంటు పెట్టిన రోజు కనకయ్య లాభం గురించి మాట్లాడుతుంటే, ఆయన మాత్రం తన గొట్టం నుంచి పొగ లేచినంతసేపూ ఎక్కడో ఒక మోటారు తిరుగుతుందని అనుకున్నాడు. ఇవాళ చేతులారా ఇస్తానంటే వద్దన్నారు.

బండెక్కి ఇంటికెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

జరిగింది తెలిసి నీరజ మొదట కోపంతో ఊగిపోయింది. ఎడ్విన్ నెమ్మదిగా, "ఫోన్ పెట్టేశాక ఆయన మొహం చూడాల్సింది మేడమ్" అన్నాడు. ఆమె కోపం చల్లారింది. ఇంటికెళ్ళి పలకరిద్దామనుకుంది గానీ, వెళ్ళి ఏం చెప్పాలో తోచక రేపు, రేపు అని వాయిదా వేసింది.

ఉగాది వెళ్ళిన కొద్ది రోజులకి, ఒక మధ్యాహ్నం చెవిటికల్లు వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. గాలి లేచింది. ఆ వెనకే వాన. ఆఫీసు గదిలో నీరజ కంప్యూటర్ ముందు కూర్చుని లోలోపల మురిసిపోతోంది. మబ్బు పట్టింది కాబట్టి సోలార్ తగ్గుతుంది, సాయంత్రం కరెంటుకి గిరాకీ ఇంకా పెరుగుతుంది. ఆ అంచనా మీదే వాళ్ళ కరెంటు నిన్ననే మొత్తం మంచి ధరకి అమ్ముడైపోయి ఉంది. ఇంతకన్నా ఏం కావాలి?

తలుపు తోసుకుని ఎడ్విన్ వచ్చాడు. నెత్తి మీద నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"మేడమ్, ఊక ముద్దయిపోయింది."

"పట్టాలు కప్పలేదా?"

"ఎవరో ఒకరు కప్పారనుకున్నామండీ అందరం."

నీరజ కిటికీలోంచి చూసింది. కొండలా ఉన్న ఊక కుప్ప మీద ఒక్క పట్టా లేదు. అవన్నీ షెడ్డులో చక్కగా మడతపెట్టి ఉన్నాయి. మబ్బు కనబడగానే యార్డులో పడి అందర్నీ కేకలేసి పట్టాలు లాగించడం ఇన్నేళ్ళూ రత్తయ్య పని. ఆ పని ఎవరూ ఆయనకి అప్పజెప్పలేదు. పగలు ఆయన అక్కడ ఉండేవాడు, అంతే. అది ఒక పనని ఎవరికీ తట్టలేదు.

సరిగ్గా అదే సమయానికి పెనుగంచిప్రోలులో రత్తయ్య వసారాలో కూర్చుని, వాన చూస్తూ మిరపకాయ బజ్జీలు తింటున్నాడు.

"అక్కడ ఊక మీద పట్టాలు కప్పారో లేదో" అంది దుర్గాంబ ఇంకో వాయి తెచ్చి పెడుతూ.

"కంప్యూటర్ ఉందిగా. అది కప్పుకుంటది" అన్నాడు.

ఇంకో బజ్జీ అందుకున్నాడు. సగం కొరికాక నమలడం ఆగిపోయింది. మిగతా సగం పళ్ళెంలో పడేసి లేచాడు. బండి తాళాలేవని అరిచాడు. గొడుగు తీసుకెళ్ళమని దుర్గాంబ చెప్పే లోపే సందు మలుపు తిరిగాడు.

ప్లాంటుకి చేరేసరికి వాన తెరిపిచ్చింది, నష్టం జరిగిపోయింది. రత్తయ్య బండి గేటు దగ్గరే వదిలేశాడు. కుప్ప దగ్గరికెళ్ళి చెయ్యి మోచేతి దాకా లోపలికి దూర్చి చూశాడు.

"నడిమధ్యలో కాస్త పొడిగానే ఉంది. పైదంతా పక్కకి లాగించు ఎడ్విన్. లోపలిది తవ్వి పొయ్యండి ముందు."

తవ్వి పోశారు. బాయిలర్ బరువుగా మూలుగుతూ లేచింది. కబురు తెలిసి కనకయ్య పేట నుంచి కారులో వచ్చేసరికి పొద్దు వాలుతోంది. ధర బాగా లేచే వేళ అది. కానీ తవ్వి తీసిన ఊకతో వచ్చే ఆవిరి, ఇస్తామన్న కరెంటులో సగానికి మించి సరిపోదని తేలిపోయింది.

నీరజ మొహం పాలిపోయింది. "తప్పు నాదే పెదనాన్నా. మిగతా సగం ఇవ్వకపోతే జరిమానా పడుతుంది."

"దారే లేదా?"

"ఒకటుంది. కరెంటు ఇవ్వాల్సిన వేళకి గంట ముందు సాగే ఇంకో బజారు ఉంది. తగ్గిన కరెంటు అక్కడ కొని లెక్క సరిపెట్టొచ్చు. లాభం పోతుంది, జరిమానా తప్పుతుంది." పెదనాన్న ఎగిరిపడతాడని ఎదురుచూసింది. కరెంటు అమ్మేవాళ్ళు కరెంటు కొనడమేంటని ఆయనకి నచ్చజెప్పడానికి మాటలు కూడబలుక్కుంటోంది.

కనకయ్య వెంటనే "కొనెయ్" అన్నాడు.

"కొనమంటావా?"

"మన కొట్లో సరుకు లేకపోతే పక్క కొట్లోంచి తెచ్చి ఇవ్వమూ? వచ్చినవాణ్ణి ఉత్త చేతుల్తో పంపుతామా? ఇంత మామూలు సంగతికి మొహం అట్లా పెడతావేం?" ఇన్ని వారాల తర్వాత ఆ బజారులో ఆయనకి తెలిసిన విషయం ఒకటి కనిపించింది. మొహం వెలిగిపోయింది. "ముందే చెప్పొద్దూ, అక్కడ కొనడం కూడా ఉంటుందని!"

సంగతి చెబుదామని నీరజ కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేసింది.

"మొన్న ఊరికే ఇస్తామన్నది మీరేనా?" అంది భారతీదేవి.

"మేమేనండీ."

"ఆయన బాగున్నారా? మొన్న వద్దన్నందుకు నొచ్చుకున్నట్టున్నారు. ఇవాళ ఉంటే ఇమ్మని చెప్పండి. ఇవాళైతే కళ్ళకద్దుకుని తీసుకుంటాం."

పక్కనే నిలబడ్డ రత్తయ్యకి ఆ మాట వినబడింది. గడ్డం నిమురుకుంటూ అటు తిరిగిపోయాడు. నవ్వు దాచుకోడానికేమోనని ఎడ్విన్ అనుకున్నాడు.

మర్నాడు ఎండ ఫెళ్ళున కాసింది. నీరజ పొద్దున్నే యార్డులోకి వచ్చేసరికి రత్తయ్య అప్పటికే అక్కడున్నాడు. తడిసిన ఊక చుట్టూ చెప్పుల్లేకుండా తిరుగుతున్నాడు.

"బాబాయ్‌గారూ, నా ప్రోగ్రాంలో ఎండ ఉంది, ధర ఉంది. ఊక తడిసిందా ఎండిందా అన్నది మాత్రం లేదు."

"నేనున్నప్పుడు తడిస్తేగా నీకు తెలియడానికి" అన్నాడు రత్తయ్య. మళ్ళీ తనే, "నిన్న నాకు మాత్రం గుర్తొచ్చిందా ఏంటి? బజ్జీలు తింటూ కూర్చున్నా" అన్నాడు.

 ఎండ చురుక్కుమంటోంది. కుప్ప మీద నుంచి సన్నగా ఆవిర్లు లేస్తున్నాయి.

"ఈ ఎండకేగా మన కరెంటుకి ధర లేకుండా పోయింది?" అన్నాడు రత్తయ్య.

"అవునండీ."

"ఇదే ఎండకి మిరపకాయ ఆరబోస్తే నాలుగు రోజుల్లో గలగలమంటది. ఊక ఎంతసేపు? ఇక్కడంతా కల్లంలా చదును చేయిస్తా. పొద్దున బాయిలర్ దించగానే మనుషుల్ని పెట్టి ఆరబోయిద్దాం. రెండుసార్లు తిరగేయిస్తే సాయంత్రానికి నిప్పు చూడగానే అంటుకుంటది. పత్తికట్టె కూడా అంతే. మధ్యాహ్నమంతా ఊరికే పోయే ఎండ గదా ఇది."

"ఊరికే అన్న మాట మీరు ఇంక ఎత్తకండి బాబాయ్‌గారూ" అంది నీరజ. ఆయన పకపకా నవ్వాడు.

ఎండిన ఊక అయితే తక్కువతోనే అంత ఆవిరీ వస్తుంది. బాయిలర్ తొందరగా వేడెక్కుతుంది కాబట్టి మూడింటికి బదులు ఇంకాస్త ఆలస్యంగా ఎత్తుకోవచ్చు. నీరజ అప్పటికప్పుడు గదిలోకి పరుగెత్తి ప్రోగ్రాంలో ఊక తేమకి ఒక గడి చేర్చింది. రోజూ పొద్దున ఆ గడిలో ఏం వేయాలో రత్తయ్య చెప్పాలి. తేమ కొలిచే పరికరం ఒకటి తెప్పించారు. ఆయన ముందు గుప్పెట్లో నలిపి చూసి తన మాట చెప్పి, తర్వాత పరికరం పెడతాడు. రెండూ కలిస్తే పరికరాన్ని మెచ్చుకుంటాడు. కలవకపోతే బ్యాటరీ మార్చమంటాడు.

వారం తిరిగేసరికి రత్తయ్య మళ్ళీ పొద్దున వెళ్ళి చీకటిపడ్డాక ఇల్లు చేరే మనిషయ్యాడు. టోపీ పెట్టుకుని కల్లంలో నిలబడి కేకలేస్తున్నాడు. దారినపోయేవాళ్ళు ప్లాంటు అమ్మేశారా అని అడిగితే, "వచ్చి ఓ చెయ్యి వేసి తిరగేసిపోండి, చెప్తా" అంటున్నాడు. దుర్గాంబ పచ్చడి జాడీలన్నిటినీ మళ్ళీ పాత చోట్లకి చేర్చుకుంది. మధ్యాహ్నం ఆయన భోజనం క్యారియరులో వెళుతోంది. దాంతోపాటు నీరజకి ఒక డబ్బా, దానికి ప్రత్యేకంగా కారణమేమీ చెప్పలేదు.

మామిడిపళ్ళు దిగే రోజులు వచ్చాయి. ఇంకొన్నాళ్ళలో తొలకరి. ఒక పొద్దున కనకయ్య, రత్తయ్య ఆఫీసు గదిలో ఎదురుబొదురుగా కూర్చున్నారు.

"వానల్లో ఆరబోయడం కుదరదు. కల్లం మీద రేకుల షెడ్డు వేయిద్దాం శెట్టిగారూ" అన్నాడు రత్తయ్య.

"రేకుల ధర ఇప్పుడు మండిపోతోంది. శ్రావణం దాకా ఆగుదాం, దిగుతుంది."

"శ్రావణం దాకా వాన ఆగుద్దా?"

"బేరం తెలియనివాడిలా మాట్లాడతారేం రత్తయ్యగారూ?"

"ఊక తెలియనివాడిలా మీరు మాట్లాడుతున్నారుగా!"

ఇద్దరూ ఒకేసారి నీరజ వైపు తిరిగి, "నువ్వు చెప్పవే", "నువ్వు చెప్పమ్మా" అన్నారు.

నీరజ గడియారం చూసింది. రేపటి కరెంటుకి మాట చెప్పే గడువు ముంచుకొస్తోంది. "ముందు ఊక తేమ ఎంతో చెప్పండి" అంది. రత్తయ్య చెప్పాడు. చెప్పి, ఆ వెంటే రేకుల సంగతి మళ్ళీ ఎత్తుకున్నాడు. కనకయ్య అందుకు జవాబుగా పేటలో ఏ కొట్లో ఏ రేకు ఎలా ఉంటుందో మొదలుపెట్టాడు. ఆ వాదన తేలేలోపు నీరజ రేపటి పావుగంటలన్నీ పంపించేసి, దుర్గాంబ డబ్బా మూత తీసింది.